సీసపు మాటును గూర్చి ఒక మాట

మన విద్యార్థులలో పలువురు ఇటీవల చిన్న చిన్న విద్యుత్పరికరములను స్వయముగా కూర్చుటయందు మిక్కిలి యుత్సాహము చూపుచున్నారు. పాత రేడియోలను విప్పి బాగుచేయువారు కొందరు. తోటలో బోరు మోటారు నడచుచున్నదో లేదో యింటనుండియే తెలియునట్లు దీపము వెలిగించు పలకను చేయువారు కొందరు. వేళకాని వేళ కరెంటు వచ్చిపోవు కంబదూరు మెట్టపొలములలో రైతుబిడ్డకు ఇది వట్టి వినోదము కాదు. 2016 మొదలు కేంద్రప్రభుత్వము వేలకొలది పాఠశాలలకు ఇచ్చిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలవలన సోల్డరింగు కడ్డీ బాలురకును బాలికలకును పరిచితమైన పనిముట్టే యైనది. ఈ యుత్సాహమును మేము మనఃపూర్వకముగా మెచ్చుకొనుచున్నాము. అయితే ఈ పనియందు ఒక యపాయము కలదు. అది పెద్దలు వెదకు చోట లేదు.

తీగలను పలకకు అతికించు లోహమును మనవారు మాటు అందురు. అంగడిలో సోల్డరు అని అడుగుదురు. బజారున సాధారణముగా దొరకు తీగలో నూటికి 60 పాళ్లు తగరము, 40 పాళ్లు సీసము. 63 పాళ్లు తగరమును 37 పాళ్లు సీసమును గల మరియొక రకము 183 డిగ్రీల సెంటీగ్రేడు వేడికే కరగి, కడ్డీ తీసినంతనే గట్టిపడును. పనివానికి ఇంత యనుకూలమైన లోహము అరుదు. అందుచేతనే సీసము చెడ్డదని యెందరు చెప్పినను ఇది బజారు విడిచి పోలేదు.

కడ్డీ తగిలినప్పుడు తెల్లని పొగ లేచును. దానిని చూచి తల్లులు సీసమే ఆవిరియై పిల్లవాని ముక్కునకు పోవుచున్నదని బెదరుదురు. అది సరికాదు. కడ్డీకొన వేడి 350 డిగ్రీల ప్రాంతమున నుండును. సీసము మరుగుటకు దాదాపు 1,750 డిగ్రీలు కావలయును. ఆ పొగ తీగ నడుమ నుంచిన రోజిను అను పైను చెట్టు బంక కాలుటవలన పుట్టినది. అదియు మంచిది కాదు. నిత్యము పీల్చువారికి ఉబ్బసము తెచ్చునని కర్మాగారములయందు బాగుగ తెలిసిన సంగతియే. కిటికీ తెరచి, ముఖము ప్రక్కకుంచి పనిచేయవలెను. కాని సీసము నడచు త్రోవ వేఱు. అది వ్రేళ్లవెంట నోటికి పోవును.

ఇది క్రొత్తగా కనుగొన్న సంగతి కాదు. ముద్రాపకుడుగా జీవనము ప్రారంభించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1786లో ఒక మిత్రునకు వ్రాసిన జాబులో, లండనున అచ్చక్షరముల పోతశాల యజమాని నోట తాను యౌవనమున విన్న మాటను చెప్పినాడు. పనివారి వ్యాధికి కారణము లోహపు ఆవిరి కాదనియు, వ్రేళ్లు చక్కగా కడుగుకొనక రొట్టె తినుటవలన లోహపు రేణువులు లోనికి పోవుచున్నవనియు ఆ యజమాని అతనితో ననెనట.

రొట్టె తినువారికే అట్లైనప్పుడు, రాగిసంగటిని ముద్దచేసి చేతితో తిను మనకు వేఱుగ చెప్పవలయునా? మాటు తీగను వ్రేళ్ల నడుమ పట్టి, చేయి చాలనప్పుడు పండ్ల నడుమ కఱచి, పని మధ్యలో వేరుసెనగ కాయలొలిచి నోట వేసికొనుట మేము చూచుచునే యున్నాము. అంతకంటె మాకు దిగులు కలిగించునది మరియొకటి. మన యిండ్లలో పనికి వేఱుగా బల్ల యుండదు. నడవలో నేలమీదనే కూర్చుండి పనిచేయుదురు. రాలిన మాటు పూసలును, గీకిన పొడియు అచటనే పడియుండును. సాయంకాలము ఆ నేలమీదనే చంటిపిల్ల ప్రాకి, చేయి నోటబెట్టుకొనును. పెద్దవారు మ్రింగిన సీసములో సుమారు పదవవంతు దేహమున చేరగా, చిన్నపిల్లలలో సగము వఱకు చేరగలదు. దేహమున ఇనుమును సున్నమును కొఱతపడిన బిడ్డ ఇంకను ఎక్కువగా గ్రహించును. అనగా అన్న సరదాకు మూల్యము చెల్లించునది చెల్లెలు.

2020 డిసెంబరులో ఏలూరున వందలాది జనులు మూర్ఛిల్లి ఆసుపత్రుల చేరినప్పుడు, ఢిల్లీ వైద్యులు పరీక్షించిన రక్తమున సీసమును నికెలును కనబడెనని విని రాష్ట్రమంతయు కలవరపడినది. పిమ్మట నిపుణులు పురుగుమందులవైపు దృష్టి మరల్చిరి. ఆ కలవరము చూచి, సీసమనగా మనిషిని ఒక్కసారిగా పడద్రోయు విషమని పలువురు తలచుచున్నారు. ఇంటి మూలనుండి చేరు కొలదిపాటి సీసము అట్లు చేయదు. అది యెముకలలో చేరి దశాబ్దములు నిలుచును. గర్భిణియైనప్పుడు ఎముకనుండి కదలి లోని శిశువునకు చేరగలదు. చిన్ననాట మెదడునకు తగిలిన దెబ్బ పాఠమున నిలువని దృష్టిగా, మందగించిన తెలివిగా బయటపడును. అట్టి పిల్లను సోమరియని ఉపాధ్యాయులు దండింతురు. హాని కలిగింపని కొలత ఇంత యని చెప్పుటకు వీలులేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

న్యాయముగ చెప్పవలెనన్న, పాత బ్యాటరీలు పగులగొట్టి కరగించు చోట్లతో పోల్చినచో విద్యార్థి బల్లమీది సీసము స్వల్పమే. కాని దీనిని ఆపుటకు ఏ చట్టమును అక్కఱలేదు. ఒక చెంబెడు నీరు చాలును.

ఆ చెంబెడు నీరే ఇచట కష్టము. ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో గడుపుకొను జిల్లా మనది; వేసవిలో బిందెకొఱకు వరుసలో నిలిచిన తల్లితో చేతులు మరల మరల కడిగింపుమని చెప్పుటకు నోరు రాదు. అయినను ఈ ఖర్చు తప్పదని మా యభిప్రాయము. తువాలుతో తుడిచిన సీసము తువాలునకు, లుంగీతో తుడిచినది లుంగీకి పట్టి యింటికే వచ్చును. కరోనానాట అలవాటైన సానిటైజరు క్రిములను చంపునుగాని లోహమును తొలగింపదు. సబ్బును నీరును వలయును.

పాఠశాలలయందు మాత్రము సీసము లేని తీగనే కొనవలెనని మేము గట్టిగ కోరుచున్నాము. నూటికి 99.3 పాళ్లు తగరమును, 0.7 పాళ్లు రాగియు గల తీగ 227 డిగ్రీలకు కరగును. ధర హెచ్చు, క్రొత్తవారికి అతుకు కుదురుట కొంత కష్టము, వేడి హెచ్చించినకొలది పొగయు హెచ్చును. ఈ యాక్షేపణలు నిజమే. అయినను నేర్చుకొను పదిరోజుల కష్టమునకు జంకి, బిడ్డల యెముకలలో సీసము చేర్పరాదు. తీగ మార్చినంతమాత్రమున కడుగుట మానవచ్చునని తలపకుడు. విప్పి చూచు పాత రేడియో పలకలమీద సీసపు మాటే యుండును. పాత టెలివిజను గొట్టపు గాజులో సైతము సీసము కలదు. దానిని పగులగొట్టుట ఎంతమాత్రమును తగదు.

తల్లిదండ్రులారా, కడ్డీని లాగికొనకుడు. ఒక పాత పళ్లెరమిచ్చి, దానిపైననే పనిచేయుమనుడు. రాలిన పూసలను మూతగల డబ్బాలో నుంచవలెను. పెంటకుప్పలో వేసినచో పొలమునకు చేరును. చీపురుతో ఊడ్చిన పొడి లేచును, తడిగుడ్డతో తుడువుడు. సెల్‌ఫోను మరమ్మతు అంగడిలో పని నేర్చుకొను అన్న యింటికి రాగానే చొక్కా మార్చి, చేతులు కడిగి, ఆ మీదటనే పసిబిడ్డను ఎత్తుకొనవలెను.