నోటుపుస్తకంలో గేదె



మా సంగంలో ఒక పిల్లవాడు ఆరాధన జరుగుచుండగా నోటుపుస్తకంలో బొమ్మలు గీస్తుంటే మేము అందరి ముందు గద్దించాము. తరువాత ఆ పుస్తకం తెరచి చూశాము. పెన్నలో నీళ్లు తాగే గేదె! తల వంచినది, ఎత్తినది, చెవి విదిల్చినది, వరుసగా పది బొమ్మలు. "కార్టూను సినిమాలు తీయాలని ఉందయ్యగారూ" అన్నాడు. మాకు సిగ్గనిపించింది.

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడినా 12 బొమ్మలు కావాలి. రోజూ చూచి గీయని చేతికి అది సాధ్యమా?

అతనికి తోలుబొమ్మల సంగతి చెప్పాము. సినిమా పుట్టకమునుపే మన పెద్దలు మేకతోలు పలుచన చేసి, బొమ్మ గీసి, రంధ్రాలు కొట్టి, రంగులద్ది, కీళ్లను దారంతో కట్టి, దీపపు వెలుగులో తెరమీద ఆడించారు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ పని నేటికీ ఉంది. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆయనకు ఆ విద్య ఇంటి పెద్దల నుండి వచ్చినదే.

తల్లిదండ్రులారా, పిల్లల చేతిలోని పెన్సిలు లాగివేయకండి. రోజుకొక పేజీ గీయనివ్వండి. ఎవరిని చూచి నేర్చుకొన్నారో ఆ పేరు పేజీ అడుగున వ్రాయమనండి. చేతినిచ్చిన దేవునిని, బాట వేసిన పెద్దలను వారు మరువకుందురు గాక!

మేమైతే ఆ పిల్లవానికి క్షమాపణ చెప్పి, కొత్త పుస్తకం కొనిచ్చాము.