చనిపోయినవాళ్ల పేరు మీద ఇంకెందరిని చంపుతారు?

పాలకుల దగ్గర కారణాలు అయిపోయినప్పుడు శవపేటికలు ముందుకొస్తాయి. ఈ యుద్ధం ఎందుకని అడిగితే జవాబుండదు. 'మన సైనికుల త్యాగం వృథా కావాలా?' అని ఎదురు ప్రశ్న వస్తుంది. అడిగినవాడు తల దించుకుంటాడు. యుద్ధం నడుస్తూనే ఉంటుంది.

ఇరాక్‌లో జరిగింది ఇదే. 2003 మార్చిలో అమెరికా ఆ దేశం మీద పడింది. సద్దాం దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయన్నది చెప్పిన కారణం. అలాంటి నిల్వలేవీ లేవని అమెరికా పంపిన తనిఖీ బృందమే 2004లో తేల్చింది. కారణం కూలిపోయింది. మరి సైన్యం వెనక్కి రావాలి కదా? రాలేదు. 2005 ఆగస్టులో సాల్ట్ లేక్ సిటీలో మాజీ సైనికుల సభలో బుష్ కొత్త కారణం చెప్పాడు. చనిపోయినవాళ్లు ఏ పని కోసం ప్రాణాలిచ్చారో ఆ పని పూర్తి చేస్తామని, దాడి కొనసాగించడమే వారికి గౌరవమని దాని సారం. అప్పటికి ఇరాక్‌లో చనిపోయిన అమెరికా సైనికులు 1,800 పైచిలుకు. 2011 డిసెంబరులో దళాలు వెనక్కి వచ్చేనాటికి ఆ సంఖ్య దాదాపు 4,500. మొదటివాళ్లను గౌరవించే పేరుతో మరో రెండున్నర వేల మందికి పైగా బలి! లక్షకు పైగా ఇరాకీ పౌరుల చావులైతే ఈ గౌరవం లెక్కలోకే రాలేదు.

అదే ఆగస్టులో టెక్సాస్‌లోని క్రాఫర్డ్‌లో, బుష్ విడిది దగ్గర ఒక తల్లి గుడారం వేసుకుని కూర్చుంది. పేరు సిండీ షీహన్. ఆమె కొడుకు కేసీ 2004 ఏప్రిల్ 4న బాగ్దాద్‌లోని సదర్ సిటీలో చనిపోయాడు. నా బిడ్డ ఏ గొప్ప పని కోసం చనిపోయాడో చెప్పమని ఆమె అడిగింది. నా బిడ్డ పేరు చెప్పి ఇంకొకరి బిడ్డను చంపొద్దంది. కడుపుకోతకు గురైన తల్లే వద్దంటుంటే, ఆ త్యాగం మీద హక్కు బుష్‌కు ఎక్కడిది?

మన పల్లెల్లో ఈ వాదం ఎట్లుంటుందో మనకు తెలుసు. మూడు బోర్లు ఎండిపోతాయి. వాటికి చేసిన అప్పు మట్టిపాలు కావొద్దని రైతు నాలుగో బోరు వేస్తాడు. నీళ్లు పడతాయా అన్నది ప్రశ్న. పాత బోర్ల అప్పు దానికి జవాబు కాదు. అయినా రైతు తన సొంత బతుకును పణం పెడతాడు. పాలకుడు పక్కింటోడి కొడుకును పెడతాడు.

వియత్నాంలోనూ ఇదే కథ. యుద్ధాన్ని ముగిస్తానని చెప్పి నిక్సన్ 1969లో గద్దెనెక్కాడు. పరువుతో బయటపడాలన్నాడు. అక్కడ చనిపోయిన 58 వేల పైచిలుకు అమెరికా సైనికుల్లో 20 వేల మందికి పైగా ఆయన హయాంలోనే పోయారు. 1975లో సైగాన్ పడిపోయింది. ఆ 20 వేల చావులు ముందటి చావులకు ఏం విలువ తెచ్చిపెట్టాయి?

ఇంకో సంగతి. చావులే యుద్ధానికి న్యాయమైతే అవతలివాడికీ చావులున్నాయి. అప్పుడు ఇద్దరిదీ న్యాయమే. మొదటి సైనికుడు చనిపోగానే ప్రతి యుద్ధమూ న్యాయమైనదైపోతుంది. ఇక ఏ యుద్ధమూ ఆగదు.

'సైనికుణ్ణి అవమానిస్తున్నారు' అని మన మీదికి వస్తారు. కాదు. సైనికుడి ధైర్యం నిజం. పంపినచోటికి పోయాడు, పక్కనున్నవాడి కోసం నిలబడ్డాడు. తప్పు పంపినవాడిది. మన దేశం 1987లో శ్రీలంకకు శాంతి సేనను పంపింది. శాంతి కోసమని పోయిన సేన ఎల్టీటీఈతో యుద్ధంలో కూరుకుపోయింది. దాదాపు 1,200 మంది జవాన్లు చనిపోయారు. 1990 మార్చికల్లా సేనను వెనక్కి రప్పించారు. దానితో ఆ జవాన్లకు అవమానం జరిగిందా? మరికొందరు జవాన్లు బతికి ఇంటికి చేరారు.

ఇప్పుడు మన మాట. 'అమరుల త్యాగాలు వృథా కానివ్వం' అని మనమూ నినదించాం కదా? 1969 అమరులు 369 మంది అని లెక్క చెప్పుకున్నాం, గన్‌పార్కు స్తూపం దగ్గర పిడికిళ్లెత్తాం. బుష్ మాటకూ మన మాటకూ తేడా ఏమిటి?

తేడా ఉంది. శవాలను పక్కనపెట్టి చూడండి. 1956 పెద్దమనుషుల ఒప్పందానికి తూట్లు పొడిచారు. ముల్కీ రక్షణలను ఎగ్గొట్టారు. 1985 నాటి 610 జీవో ఏళ్లకేళ్లు కాగితం మీదే పడి ఉంది. ఒక్కరూ చనిపోకున్నా మన డిమాండు అంతే న్యాయం. ఇరాక్ నుంచి శవపేటికలు తీసేస్తే ఏం మిగిలింది? దొరకని ఆయుధాలు, మంటల్లో బాగ్దాద్.

అయితే మేమూ ఒక తప్పు ఒప్పుకోవాలి. 2009 తర్వాత పిల్లలు ప్రాణాలు తీసుకుంటుంటే, చావొద్దని చెబుతూనే వేదికల మీద ఆ సంఖ్యను పెంచి చదివాం. ఆ సంఖ్య పెరిగితే డిమాండుకు బలం పెరుగుతుందన్నట్టు మాట్లాడాం. న్యాయం అప్పటికే మన దిక్కున ఉంది. ఒక్క చావు కూడా దానికి అవసరం లేకుండె. ఆ పిల్లలు బతికుంటే 2014 జూన్ 2న మనతోపాటు చార్మినార్ కాడ ఎగిరేవాళ్లు.

అందుకే రేపు ఎవరైనా, ఏ జెండా పట్టుకున్నా, అమరుల పేరెత్తి ఇంకో బిడ్డను అడిగితే ఒక్కటే అడుగుదాం. వాళ్లు చనిపోకముందు నీ దగ్గరున్న కారణం ఏమిటి? అది చెప్పు. చెప్పలేకపోతే బతికున్నవాళ్లను ఇంటికి పంపు.