ఎర్రర్ వస్తే రానివ్వండి



"జావా మొదలుపెట్టి రెండు నెలలైంది, మావాడు ఇంకా యాప్ చెయ్యడం లేదేంటండీ?" అని మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి అడిగారు. మీలో చాలామందికి ఇదే సందేహం ఉండి ఉంటుంది.

ఐసీఎస్ఈ తొమ్మిదో తరగతిలో ముందు అర్థం కావాల్సినవి క్లాస్, ఆబ్జెక్ట్. మన ప్రోగ్రెస్ కార్డునే తీసుకోండి. పేరు, రోల్ నంబరు, మార్కులకు గడులు గీసిన నమూనా క్లాస్. మీ అమ్మాయి వివరాలతో నింపిన కార్డు ఆబ్జెక్ట్. ఆ కార్డులో మార్కులు మార్చితే పక్కమ్మాయి కార్డు మారదు. బ్లూజేలో అయితే ఆబ్జెక్ట్ చేయగానే స్క్రీన్ అడుగున ఎర్రటి పెట్టె కనిపిస్తుంది. పిల్లలకు అదో సరదా.

అసలు చదువు ఎర్రర్లతో మొదలవుతుంది. టైప్ చేసిన రెండు పేర్లూ ఒకటేనా అని చూడటానికి పిల్లలు రెండు ఈక్వల్ గుర్తులు పెడతారు. అక్షరం తేడా లేకపోయినా జావా "కాదు" అంటుంది. ఎందుకంటే ఆ గుర్తులు చూసేది అక్షరాలను కాదు, రెండూ ఒకే ఆబ్జెక్టా అని. ఒకే పేరున్న ఇద్దరి కార్డులు ఒకే కార్డు కాదు కదా! అక్షరాలు పోల్చాలంటే ఈక్వల్స్ అనే మెథడ్ వాడాలి. దీంతో ఒక సాయంత్రం కుస్తీ పట్టినవాళ్లు మళ్లీ మర్చిపోరు.

ఇంటర్నల్ అసెస్‌మెంట్‌కు 100 మార్కులున్నాయని కొందరు నెట్‌లోంచి రెడీమేడ్ ప్రోగ్రాములు తీసి రికార్డులో రాయిస్తున్నారు. మీ భయం నాకు తెలుసు, నేనూ ఒక పిల్లాడి తల్లినే. కానీ వైవాలో ఒక్క లైను మార్చమంటే బిక్కమొహం వేసేది పిల్లలే.

ఈ ఆదివారం "ఏం ఎర్రర్ వచ్చింది, ఎలా సరిచేశావు?" అని అడిగి చూడండి. మీకు జావా రాకపోతే మరీ మంచిది, విడమరిచి చెప్పక తప్పదు వాళ్లకి.