మొద్దు అనుటకు ముందు

విన్న పాఠమును గంట గడువకముందే మఱచిపోవుచు, మధ్యాహ్నము దాటినంతనే చివరి బల్లపై తల వాల్చు బాలికను "మొద్దు" అని పిలుచుట మన బడులలో ఎన్నడో అలవాటైపోయినది. ఆ మాట పలుకుటకు ముందు ఆమె రక్తమును సమగ్రముగ పరీక్షింపించుట ప్రభుత్వమునకు విధ్యుక్త ధర్మమని మేము నిస్సంకోచముగ చెప్పుచున్నాము.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో రక్తహీనులు ఆంధ్రప్రదేశమున నూటికి 60 మంది, తెలంగాణమున దాదాపు 65 మంది. ఇంత ఘోరమైన ఈ లెక్కయు హిమోగ్లోబిన్‌ను మాత్రమే కొలిచినది. కాని ఇనుము కొఱతకు హిమోగ్లోబిన్ తగ్గుట ఆరంభము కాదు. అంతకు పూర్వమే శరీరములోని నిల్వ, అనగా ఫెర్రిటిన్, అడుగంటియుండును. మెదడులో డోపమిన్, సెరోటొనిన్ తయారగుటకును, నాడీతంతువులపై పొర ఏర్పడుటకును ఇనుము అవసరము. 1996లో బాల్టిమోర్ హైస్కూళ్ళలో, రక్తహీనత లేకయే ఇనుము కొఱవడిన బాలికలకు ఎనిమిది వారములు ఇనుము నొసగి పరీక్షింపగా, మాటలను నేర్చుకొని జ్ఞాపకముంచుకొను శక్తియందు వారు ఇనుము పొందనివారికంటె మెఱుగైరి. హిమోగ్లోబిన్ ఒక్కటే చూచి "బాగున్నది" అని పంపివేయు మన పద్ధతిలో అట్టి బాలికలు ఎవరి కంటను పడరు.

కోస్టారికాలో శైశవమున దీర్ఘకాలము ఇనుము కొఱవడిన బిడ్డలు పందొమ్మిదేండ్ల ప్రాయమునను బుద్ధిపరీక్షలలో వెనుకబడియే యుండిరి. పేద కుటుంబములలో ఆ అంతరము మఱింత పెరిగినది. ఇంతకంటె హృదయవిదారకమైన సంగతి మాకు తోచుట లేదు.

బడులలో ఇనుముగల నీలిరంగు మాత్ర ఇచ్చుచునే యున్నాము గదా యందురు. 1970 నుండి పథకములకు కొదువ లేదు; 2013లో వారపు మాత్ర, 2018లో రక్తహీనత రహిత భారత కార్యక్రమము వచ్చినవి. అయినను మాత్ర పంచుట వేఱు, ఇనుము రక్తమునకు చేరుట వేఱు. కాలేయమున పుట్టు హెప్సిడిన్ అను హార్మోను ప్రేగులనుండి ఇనుము లోనికి పోవు ద్వారమును కాచుచుండును. ఒంట జ్వరమో, తాపమో యున్నంతకాలము అది ఆ ద్వారమును మూసివేయును. ఒక మాత్ర మ్రింగినను మఱునాటివరకు హెప్సిడిన్ హెచ్చియే యుండును గనుక, ఒకే దినమున రెండు మాత్రలు వేసినంత మాత్రమున ఫలము రెట్టింపు కాదు. తాపమున్నచో ఫెర్రిటిన్ అంకెయు పెరిగి మోసపుచ్చును గనుక, ఆ తాపము జాడ తెలుపు పరీక్షను కూడ జతచేయవలెను. తలసీమియా లక్షణమున్న బాలికకు ఇనుము కొఱత లేకయే హిమోగ్లోబిన్ తగ్గవచ్చును. అట్టి యామెకు తెలియక ఇనుము పోయుట మేలు కాదు.

చదువు మందగించిన ప్రతి బిడ్డకును ఇనుమే కారణమని మేము అనుట లేదు. కారణము వెదకకయే తీర్పు చెప్పుటను మాత్రము సహింపజాలము. ఖర్చు హెచ్చుననువారు, ఆ ఖర్చును పదవ తరగతి దాటకయే బడి మానిన బాలిక జీవితముతో తూచి చూడవలెను.

పోషకాహార పరిశోధనకు జాతీయ సంస్థ 1958 నుండి మన హైదరాబాదుననే యున్నది. దానిని సంప్రదించి, వెనుకబడిన బాలికలకు ముందుగాను, క్రమముగ అందఱికిని ఈ పరీక్షలను జరిపింపవలెను. వారపు మాత్రను ఖాళీ కడుపున గాక, మధ్యాహ్న భోజనానంతరము ఉపాధ్యాయిని కన్నుల యెదుట మ్రింగింపవలెను. ఆ పూట టీ త్రాగనీయక, పళ్ళెమున ఒక నిమ్మబద్ద యుంచవలెను. రానున్న విద్యాసంవత్సరమున మొదటి పరీక్షల మార్కులు ఇంటికి పోవునాటికి, ఫెర్రిటిన్ అంకెయు ఆ బాలిక తల్లి చేతికి అందవలెను.