శాస్త్రజ్ఞుని జీవిక

కష్టములే మహనీయులను తీర్చిదిద్దునని చెప్పుట లోకమున పరిపాటి. ఇందుకు నిదర్శనముగా డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు జీవితమును పలువురు పేర్కొందురు. ఆ జీవితమును నిదానముగా పరిశీలించినచో వేరొక సత్యము గోచరించును.

సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. మదరాసు వైద్యకళాశాలలో చదువు దినములలో ఖద్దరు ధరించి, ఒక ఆంగ్లేయాచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. తత్ఫలితముగా ఆయనకు తక్కువ తరగతి పట్టము మాత్రమే లభించెను. సోదరులలో నొకరు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధికి బలియైరి. పిదప మామగారి తోడ్పాటుతో ఆయన అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున చదువుచు, పొట్టకూటికై రాత్రివేళ ఆసుపత్రిలో ఊడిగము చేసెను.

1925లో ఫిస్కే అను ఆచార్యునితో కలిసి, శరీరద్రవములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. కండరములకు శక్తి నొసగు ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏ.టి.పి. అను పదార్థమును 1929లోను వారిరువురు వెల్లడించిరి. ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు శాశ్వతోద్యోగము లభింపలేదు.

1940లో ఆయన లెడర్లీ అను ఔషధసంస్థలో చేరెను. అచ్చట కావలసిన పరికరములు, సమర్థులైన సహచరులు, నిశ్చితమైన జీతము దొరకెను. 1948లో మరణించువరకు గల ఆ ఎనిమిదేండ్లలో ఫలించిన పనులను చూడుడు. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయ్యెను. రక్తపు క్యాన్సరు సోకిన పసిపిల్లలకు డాక్టరు ఫార్బరు వాడిన ఔషధము అచ్చటినుండియే వచ్చెను. ఆయన ఆధ్వర్యముననే డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్‌ను కనుగొనెను. గోదావరి సీమవారు చిరకాలము బాధపడిన బోదకాలు వ్యాధికి నేటికిని ఇచ్చుచున్న హెట్రజాన్ మందు సైతము ఆ ప్రయోగశాలదే.

మనిషి అతడే, మేధ అదియే. మారినది వసతి. వరదను ఈది గట్టెక్కిన యొక్కని చూచి, వరద ఈత నేర్పునని సిద్ధాంతము చేయరాదు. మునిగినవారి కథ చెప్పువారెవరు?

శాస్త్రము తపస్సనియు, తాపసికి ధనమేలయనియు కొందరందురు. తాపసికి ఆశ్రమమైనను ఉండెను గదా! మన దేశమున 1942లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనామండలి ఏర్పడెను. తరువాత ప్రయోగశాలలు అనేకములు వెలసెను. 2023లో అనుసంధాన్ జాతీయ పరిశోధనా ప్రతిష్ఠానమునకు చట్టము చేయబడెను. ఇవి మెచ్చదగినవే. కాని 2020-21లో పరిశోధనాభివృద్ధులకై దేశము వెచ్చించినది స్థూలోత్పత్తిలో నూటికి 0.64 వంతు మాత్రమే. భవనమునకు శంకుస్థాపన చేయుటలో గల ఉత్సాహము, అందు పనిచేయు యువకుని వేతనము సకాలమున చెల్లించుటలో కానరాదు. ఉపకారవేతనము నెలలతరబడి రానిచో, ముప్పదియేండ్లు నిండిన పరిశోధకుడు ఇంటి అద్దెకై తండ్రిని యాచింపవలసి వచ్చును. అట్టి ఇంటి తల్లిదండ్రులు తమ రెండవ బిడ్డను ఈ త్రోవకు పంపుదురా?

ఉద్యోగమునకు రెండుమూడేండ్ల గడువు విధించుట యింకొక చిక్కు. ఫోలిక్ ఆమ్లమునకు దారితీసిన కాలేయసార పరిశోధనను సుబ్బారావు 1930ల దశకమున హార్వర్డులోనే ఆరంభించెను. అది ఫలించినది 1945లో. నడుమ ఏ సంవత్సరమున ఎవరు లెక్క అడిగినను, చూపుటకు ఆయనవద్ద అసంపూర్ణమైన పని మాత్రమే ఉండెడిది.