ఆ ట్యూబు ఎవరు రాసిచ్చారు?

మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. సగం పిండేసిన చర్మం క్రీము ట్యూబు ఒకటి కనిపించవచ్చు. మోచేతి మడతలో దురదంటే పెద్దబ్బాయికి, గజ్జల్లో మచ్చలంటే నాన్నకి, ముఖం తెల్లబడుతుందని అమ్మాయికి... అందరికీ అదే. ఎవరు రాసిచ్చారంటే మాత్రం 'మెడికల్ షాపులో ఇచ్చారు' అంటారు.

ట్యూబు మీది చిన్న అక్షరాల్లో క్లోబెటాసాల్ అనో, బెటామెథాసోన్ అనో ఉంటే అది స్టెరాయిడ్. పూసిన రెండు మూడు రోజుల్లోనే దురద తగ్గుతుంది. చిక్కంతా అక్కడే. ఆ మచ్చ ఎగ్జిమా అయితే నిజంగానే మేలు జరిగినట్టు. తామర అయితే మాత్రం పైకి ఎరుపు తగ్గి, లోపల ఫంగస్ నిక్షేపంగా పెరుగుతుంటుంది. దాంతో పోరాడే చర్మం శక్తిని క్రీమే అణిచేసింది మరి. గుండ్రటి అంచు చెరిగిపోయి, అది తామరేనని పోల్చుకోవడం డాక్టరుకే కష్టమవుతుంది. ఈలోగా ఒకే టవలు వాడే ఇంట్లో మరొకరికి అంటుకుంటుంది.

2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. చీటీ లేకుండా అడగడం ముందు మనం మానాలి.

అలాగని స్టెరాయిడ్ అనగానే బెదిరిపోవడమూ తప్పే. ఎగ్జిమా ముదిరి రసి కారుతున్న పిల్లాడికి డాక్టరు ఇచ్చిన క్రీమును భయపడి అరకొరగా పూస్తే, వాడికి రాత్రుళ్లు నిద్ర ఉండదు. చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన క్రీము, పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. ఎన్ని రోజులు, ఎక్కడెక్కడ పూయాలో చీటీ మీదే రాయించుకోండి. స్నానమయ్యాక ఒళ్లు పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ పూయండి, దురద లేని రోజుల్లో కూడా. ఖరీదైనది అక్కర్లేదు, సువాసన లేనిది చాలు.

సోరియాసిస్ ఉన్నవాళ్లకు ఇంకో మాట. అది అంటుకునే జబ్బు కాదు, కంచం వేరు పెట్టే పనే లేదు. కానీ 'పూర్తిగా నయం చేస్తాం' అంటూ పేరు చెప్పకుండా ఇచ్చే మాత్రలు మింగకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే, ఆపగానే జబ్బు ఒళ్లంతా చీముపొక్కులతో తిరగబెట్టవచ్చు. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతున్నా, కీళ్లు నొప్పిగా ఉన్నా ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి.

వెళ్లేటప్పుడు ఇన్నాళ్లూ పూసిన ట్యూబు వెంట తీసుకెళ్లండి. ఖాళీదైనా సరే. తిడతారని దాచకండి.