ఆ రాత్రి తర్వాత నలభై ఏళ్లు
‘ది రైల్వే మెన్’ సిరీస్‌లో 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్ స్టేషన్‌లో జనం విషవాయువుకు ఊపిరాడక కూలిపోతుంటే, విశాఖవాళ్లమైన మాకు 2020 మే 7 తెల్లవారుజామే కళ్లముందుకొస్తుంది. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరికి పరుగెడుతూనే రోడ్డు మీద పడిపోయిన మనుషులు, కట్టుకొయ్య దగ్గరే చచ్చిపడిన పశువులు. ఆ జ్ఞాపకం ఉన్నందువల్లేనేమో, సిరీస్ కథలోకి కల్పించి తెచ్చిన దొంగ పాత్ర నాకు మింగుడుపడలేదు. ప్రయాణికులను కాపాడాలని ఒక రైలును వేళకు ముందే పంపించేసిన స్టేషన్ అధికారి గులాం దస్తగీర్ ఉండగా ఉత్కంఠకు అరువు ఎందుకు? పైగా నాలుగు ఎపిసోడ్లలో ఎక్కువ భాగం ఆ రాత్రి చుట్టూనే తిరుగుతుంది. కానీ కథ ఆ రాత్రితో ముగియలేదు: భోపాల్ కార్ఖానాలో మిగిలిన విషవ్యర్థాలు పీథంపూర్‌కు కదిలింది 2025 జనవరిలో. ఆ మధ్యకాలమంతా దగ్గుతూనే బతికినవాళ్ల మీద ఎవరైనా సిరీస్ తీస్తే చూడాలని ఉంది.